విదేశీ నేత ప్రసంగిస్తున్నప్పుడు సభ ఎవరి అధీనంలో ఉంటుంది?

చిక్కడపల్లి_చదువరి
గ్రూప్-1 మెయిన్స్ కోసం పార్లమెంటు అధ్యాయం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. రాష్ట్రపతి ప్రసంగానికి రాజ్యాంగంలో 86, 87 అధికరణాలున్నాయి, ఉభయ సభల సంయుక్త సమావేశానికి 108వ అధికరణం ఉంది. విదేశీ అధ్యక్షుడో ప్రధానమంత్రో వచ్చి మన ఎంపీల ఎదుట మాట్లాడటం గురించి మాత్రం ఒక్క వాక్యమూ కనిపించలేదు. 2000 మార్చి 22న క్లింటన్, 2010 నవంబరు 8న ఒబామా సెంట్రల్ హాల్లో ప్రసంగించారు. వాటిని సంయుక్త సమావేశాలనే చాలామంది రాస్తున్నారు. అది నిజంగా సభా సమావేశమే అయితే అధ్యక్షత ఎవరిది? కాకపోతే, మధ్యలో ఒక సభ్యుడు లేచి నిరసన తెలిపితే ఏ నిబంధన కింద బయటికి పంపుతారు? కోచింగ్ సెంటర్లో అడిగితే పరీక్షకు రాని విషయమని చెప్పి పక్కన పెట్టేశారు. మనం ఓటేసి పంపిన వాళ్లు కూర్చున్న చోట ఏ నియమం నడుస్తుందో తెలియకుండా ఉండటం నాకు సమ్మతం కాదు.

నాంపల్లి_న్యాయవాది
108వ అధికరణం కింద సంయుక్త సమావేశాలు ఇప్పటికి మూడే జరిగాయి. 1961లో వరకట్న నిషేధ బిల్లు మీద, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు మీద, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు (పోటా) మీద. ఒక బిల్లుపై రెండు సభలకూ పొత్తు కుదరనప్పుడు రాష్ట్రపతి పిలిచేది అది, అక్కడ ఓటింగు ఉంటుంది, స్పీకర్ అధ్యక్షత వహిస్తారు. విదేశీ అతిథి ప్రసంగం ఆ కోవలోకి రాదు. అక్కడ ఎజెండా లేదు, తీర్మానం లేదు, ఓటు లేదు. రెండు సభల సభ్యులు ఒకచోట చేరి అతిథి మాట వింటారు, అంతే. ఒబామా తన ప్రసంగం మొదట్లో ఉపరాష్ట్రపతిని, స్పీకర్‌ను వరుసగా సంబోధించారు. ఏదో ఒక సభ సమావేశమై ఉంటే ఆ సభాధ్యక్షుడు ఒక్కరే ఉండాలి కదా.

మౌలాలి_మాస్టారు
నియమం లేకపోయినా మర్యాద ఉంది. ఇంటికి చుట్టం వచ్చి పీట మీద కూర్చున్నాక అన్నదమ్ములు తమ తగవు బయట పెట్టుకోరు. నచ్చనివారు రాకుండా ఉండవచ్చు, వచ్చి అరవడం సభకే తలవంపులు.

కూకట్‌పల్లి_కవిత
మాస్టారు గారూ, చుట్టం అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. వచ్చినవారు ఒక దేశ ప్రభుత్వానికి ప్రతినిధి, కూర్చున్నవారు మన ప్రతినిధులు. ఇద్దరి మధ్య ఉన్నది రాజకీయం. మర్యాద పేరుతో అందరూ ఒకేసారి లేచి చప్పట్లు కొట్టాలన్న ఒత్తిడి ఎంత దూరం తీసుకెళుతుందో 2023లో కెనడా చూపించింది.

టొరంటో_తోట
కవిత గారు ప్రస్తావించారు కాబట్టి వివరంగా రాస్తాను. నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో అయినా ఇక్కడికి వచ్చి చాలాకాలమైంది, ఆ రోజు ప్రత్యక్ష ప్రసారం చూశాను. 2023 సెప్టెంబరు 22న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఒట్టావాలోని హౌస్ ఆఫ్ కామన్స్‌లో ప్రసంగించారు. ప్రసంగం తరువాత స్పీకర్ ఆంథొనీ రోటా గ్యాలరీలో కూర్చున్న 98 ఏళ్ల వృద్ధుణ్ని సభకు పరిచయం చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు వ్యతిరేకంగా పోరాడిన వీరుడని కొనియాడారు. అన్ని పార్టీల సభ్యులూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ యుద్ధంలో సోవియట్లు కెనడా మిత్రపక్షమన్న సంగతి పాఠశాల పుస్తకాల్లోనే ఉంది. వారికి ఎదురుగా ఎవరి తరఫున పోరాడి ఉంటాడన్న ప్రశ్న ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. ఆయన హిట్లర్ నాజీ సాయుధ దళమైన వాఫెన్ ఎస్.ఎస్. విభాగంలో పనిచేసినవాడని రెండు రోజుల్లో బయటపడింది.

ఆ వృద్ధుడు స్పీకర్ సొంత నియోజకవర్గంవాడు. పిలిచిన బాధ్యత పూర్తిగా తనదేనని రోటా ఒప్పుకుని 26న రాజీనామా ప్రకటించారు. 27న ప్రధాని ట్రూడో సభలో క్షమాపణ చెప్పారు. అక్టోబరు 3న గ్రెగ్ ఫెర్గస్ కొత్త స్పీకర్‌గా ఎన్నికయ్యారు. మధ్యలో జరిగిన ఒక సంగతి మాత్రం వార్తల్లో వెనక్కి వెళ్లిపోయింది. 25న ప్రభుత్వం తరఫున సభానాయకురాలు కరీనా గూల్డ్ ఆ పరిచయాన్ని సభా నివేదిక నుంచీ, దృశ్య రికార్డు నుంచీ తొలగించాలని కోరారు. దానికి సభ ఏకగ్రీవ అంగీకారం కావాలి. ప్రతిపక్షం ఒప్పుకోలేదు.

సైనిక్‌పురి_సుధ
ఒప్పుకోకపోవడమే మంచిదయింది. తొలగించి ఉంటే రేపు ఆ నివేదిక చదివేవాడికి స్పీకర్ ఎందుకు రాజీనామా చేశారో అర్థం కాదు.

మౌలాలి_మాస్టారు
సుధ గారూ, ఆ వాక్యాలు అలాగే ఉంటే హోలోకాస్టులో బంధువులను కోల్పోయినవారికి అది నిత్యం గుచ్చుకునే ముల్లు కాదా? పార్లమెంటు అధికార పత్రంలో నాజీ సైనికుడికి ప్రశంస ఉండటం నాకు ఘోరంగా తోస్తోంది. తొలగించాలని అడిగినవారి ఉద్దేశాన్ని శంకించలేను.

పబ్లిక్‌గార్డెన్స్_రిపోర్టర్
ఈ విషయంలో కొంత అనుభవంతో మాట్లాడగలను. శాసనసభలో రిపోర్టర్‌గా ఉద్యోగం చేసి విరమణ పొందాను. సభ మధ్యలో మా బల్ల ఉండేది. కొద్ది నిమిషాలకొకరం వంతులు మారుతూ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, గదిలోకి వెళ్లి టైపు చేయించి, తిరిగి మా వంతుకు వచ్చేవాళ్లం. నా వంతులో గందరగోళం మొదలైతే ఎవరేమన్నారో పట్టుకోవడానికి చెవులు రిక్కించి కూర్చునేవాడిని. ఒకేసారి పదిమంది అరిస్తే చివరికి "అంతరాయం" అని ఒక మాట రాసి వదలాల్సి వచ్చేది. ఆ మాట వెనుక ఎంత కోపం, ఎంత బాధ ఉందో కాగితం మీదికి రాదు. ఉద్యోగం చేసినంత కాలమూ నన్ను కలచివేసిన విషయం అది.

ఇక తొలగింపు సంగతి. లోక్‌సభ నిబంధనల్లో 380వది స్పీకర్‌కు ఆ అధికారం ఇస్తుంది. పరువు తీసేవి, అసభ్యమైనవి, సభామర్యాదకు తగనివి అయిన మాటలను తొలగించవచ్చు. దాని పక్కనే ఉన్న 381 గురించి బయట ఎక్కువమందికి తెలియదు. తీసేసిన చోట నక్షత్రపు గుర్తులు పెట్టి, అధ్యక్ష స్థానం ఆదేశం మేరకు తొలగించామని పేజీ కింద చెప్పాలి. చదివేవాడికి ఇక్కడ ఏదో ఉండేదని తెలుస్తుంది, ఎవరి ఆదేశంతో పోయిందో తెలుస్తుంది. మాస్టారు గారు చెప్పిన బాధ నిజమైనదే. అయితే గుర్తు కూడా మిగల్చకుండా తీసేయమని నాకు ఎవరైనా చెప్పి ఉంటే నా చెయ్యి ఆడేది కాదు. చప్పట్లు కొట్టిన సభే మరుసటి వారం తలవంచుకుంది. రెండూ ఒకే సంపుటంలో ఉంటేనే ఆ క్షమాపణకు విలువ.

మౌలాలి_మాస్టారు
నక్షత్రాలు పెట్టి తీసేయడం నాకు సమ్మతమే. జరిగినదని తెలియాలి, ప్రశంస మాత్రం అక్షరాల్లో ఉండకూడదు.

టొరంటో_తోట
మాస్టారూ, అప్పుడు ట్రూడో దేనికి క్షమాపణ చెప్పారో చదివేవాడు నక్షత్రాలను చూసి ఊహించుకోవాలి. ఆ ఊహ అసలుకంటే ఘోరంగానూ ఉండవచ్చు, తేలికగానూ ఉండవచ్చు.

చిక్కడపల్లి_చదువరి
రిపోర్టర్ గారూ, గ్యాలరీలోని వ్యక్తిని చూపించి సభ చేత చప్పట్లు కొట్టించడం మన దగ్గర కుదురుతుందా?

పబ్లిక్‌గార్డెన్స్_రిపోర్టర్
లోక్‌సభ 349వ నిబంధన చూడండి. గ్యాలరీలోకి గాని, స్పెషల్ బాక్సులోకి గాని బయటివారు వచ్చినప్పుడు సభ్యులు హర్షధ్వానాలు చేయరాదని అందులో ఉంది. 352 ప్రకారం ప్రసంగంలో గ్యాలరీలో ఉన్నవారి ప్రస్తావన తేకూడదు. విదేశీ పార్లమెంటరీ బృందాలు వచ్చినప్పుడు మాత్రం స్పీకర్ స్వయంగా స్వాగత వాక్యాలు చదువుతారు, సభ్యులు బల్లలు చరుస్తారు. ఆ వాక్యాలు ముందుగా సిద్ధం చేసుకున్నవి. బృందం ఏ దేశానిది, నాయకుడెవరు అన్నంత వరకే ఉంటాయి, జీవిత చరిత్రలోకి వెళ్లవు. పాతకాలపు చాదస్తమని ఈ నియమాలను తీసిపారేసేవాళ్లు కెనడాలో జరిగింది ఒకసారి గుర్తు చేసుకోవాలి.

రాజేంద్రనగర్_రైతుబిడ్డ
2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చారు. మా ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చి రైతులతో మాట్లాడారు, ఐ.ఎస్.బి. (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)కి కూడా వెళ్లారు. నగరంలో నిరసనలు జరిగాయి. నేనప్పుడు అక్కడ విద్యార్థిని. మా క్షేత్రాల దారులన్నీ మూసేసి, హాస్టలు నుంచి బయటికి రానివ్వలేదు. అదే సాయంత్రం ఆయన ఢిల్లీలో ప్రసంగించింది పార్లమెంటులో కాదు, పురానా ఖిలాలో. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న వామపక్షాలు ఆయన రాకను గట్టిగా వ్యతిరేకిస్తున్న రోజులవి. పార్లమెంటు సభ్యుల ఎదుట మాట్లాడించి గొడవ తెచ్చుకోవడం కంటే అదే మేలని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి_కవిత
అది మేలు ఎలా అవుతుంది? అణు ఒప్పందంపై దేశమంతా మాట్లాడుకుంటున్న సమయంలో ఆయన మన సభ్యుల ముఖాలు చూస్తూ మాట్లాడి ఉండాల్సింది. వ్యతిరేకించేవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటే మాట్లాడేవాడి మాట కూడా జాగ్రత్తగా ఉంటుంది. కోట గోడల మధ్య పిలిచినవాళ్ల ముందు చేసే ప్రసంగం వేరు.

సైనిక్‌పురి_సుధ
అదే బుష్‌కు ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చెబితే చదువరి మొదటి ప్రశ్నకు సమాధానం సగం దొరుకుతుంది. మా అన్నయ్య కుటుంబం కాన్‌బెర్రాలో ఉంటుంది. అప్పటి నుంచి ఈ విషయం మా ఇంట్లో ఎన్నోసార్లు చర్చకు వచ్చింది.

2003 అక్టోబరు 23న ఆయన ప్రతినిధుల సభ మందిరంలో ఉభయ సభల సభ్యులనుద్దేశించి మాట్లాడుతుండగా గ్రీన్స్ పార్టీ సెనేటర్లు బాబ్ బ్రౌన్, కెర్రీ నెటిల్ అడ్డుతగిలారు. ఇరాక్ యుద్ధం జరుగుతున్న కాలం. స్పీకర్ నీల్ ఆండ్రూ బ్రౌన్‌ను బయటికి వెళ్లమన్నారు, ఆయన వెళ్లలేదు. వాక్ స్వాతంత్ర్యమంటే తనకు ఇష్టమని బుష్ అక్కడికక్కడే అన్నారు. ప్రసంగం ముగిశాక ఇద్దరినీ 24 గంటలు సస్పెండ్ చేశారు. మరుసటి రోజు చైనా అధ్యక్షుడు హు జింటావో అదే మందిరంలో ప్రసంగిస్తే ఆ ఇద్దరినీ లోపలికి రానివ్వలేదు. టిబెట్ గురించి బ్రౌన్ చాలాకాలంగా మాట్లాడుతున్నవాడు కాబట్టి ఆ సస్పెన్షన్ ఎవరికి కలిసొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు ఏమిటంటే వాళ్లు సెనేటర్లు. తమ సభ్యులు కానివారిని ప్రతినిధుల సభ ఎలా సస్పెండ్ చేస్తుందని సెనేట్ ప్రశ్నించింది. ఆ తరువాత పద్ధతి మార్చుకున్నారు. ఇప్పుడు అది ప్రతినిధుల సభ సమావేశం మాత్రమే, సెనేటర్లు అతిథులుగా ఆహ్వానంపై వచ్చి కూర్చుంటారు. 2014 నవంబరు 18న మన ప్రధాని మోదీ అక్కడ ప్రసంగించింది ఆ పద్ధతిలోనే.

నాంపల్లి_న్యాయవాది
సుధ గారు చెప్పిన ఉదంతం మనకు ఇప్పుడే ఎక్కువ అవసరం. ఇన్నాళ్లూ మన దగ్గర ఈ చిక్కు రాకపోవడానికి కారణం ఒక గది. సెంట్రల్ హాల్ లోక్‌సభదీ కాదు, రాజ్యసభదీ కాదు. రాజ్యాంగ సభ కూర్చున్న చోటు, 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అధికారం చేతులు మారిన చోటు. అక్కడ అతిథి మాట్లాడితే ఏ సభ పెత్తనమూ రెండో సభ మీద పడదు.

2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి మారాయి, పాత భవనం సంవిధాన్ సదన్ అయింది. కొత్త భవనంలో సెంట్రల్ హాల్ లాంటిది లేదు. ఉభయ సభలూ కూర్చోవలసి వస్తే 1,272 మందికి చోటు సరిపోయేలా లోక్‌సభ మందిరాన్నే కట్టారు. 2024 జనవరి 31న రాష్ట్రపతి ప్రసంగం అక్కడే జరిగింది. రాష్ట్రపతి ప్రసంగానికి రాజ్యాంగం అండ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. విదేశీ నేతను కూడా ఆ మందిరంలోనే మాట్లాడిస్తే, ఒక రాజ్యసభ సభ్యుడు లేచి నిరసన తెలిపితే, సభ్యుణ్ని బయటికి పంపడానికి, సస్పెండ్ చేయడానికి ఉన్న 373, 374 నిబంధనలు స్పీకర్ వాడగలరా? అవి లోక్‌సభ సభ్యులకు, లోక్‌సభ సమావేశంలో వర్తించేవి. రాజ్యసభ ఛైర్మన్ తన సభలో అలాంటివే అయిన 255, 256 వాడాలంటే అది రాజ్యసభ సమావేశం కాదు. కాన్‌బెర్రాలో పడిన ముడి మన మందిరంలోనూ పడటానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

చిక్కడపల్లి_చదువరి
105వ అధికరణం మాటేమిటి? పార్లమెంటులో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు ఉండదంటుంది. సభ సమావేశమే కానిచోట సభ్యుడు అన్న మాటకు ఆ రక్షణ ఉంటుందా?

నాంపల్లి_న్యాయవాది
ఆ అధికరణంలో వాక్ స్వేచ్ఛ పార్లమెంటులో అని ఉంది, అది రాజ్యాంగ నియమాలకు, సభా నిబంధనలకు లోబడి అని కూడా ఉంది. నేనైతే సభ్యుడి హోదాలో, పార్లమెంటు ఆవరణలో, పార్లమెంటు ఏర్పాటు చేసిన కార్యక్రమంలో అన్న మాటకు రక్షణ ఉండాలనే వాదిస్తాను. ఎదుటి న్యాయవాది అది సభా కార్యకలాపం కాదని వాదిస్తాడు. ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి. అందుకే ముందే రాసి పెట్టుకోవాలంటున్నాను.

హిమాయత్‌నగర్_హేమ
అమెరికాలో ఇది తేటగా ఉంటుంది. విదేశీ నేత వచ్చేటప్పుడు రెండు సభలూ విరామం ప్రకటించి కూడుతాయి. ఆ విరామంలో జరిగినదాన్ని సభ అనుమతితో అధికార నివేదికలో అచ్చువేస్తారు. అది సమావేశం కాదు, అయినా రికార్డు ఉంటుంది. మన పి.వి. నరసింహారావు గారు 1994 మే 18న అక్కడ ప్రసంగించిన మాటలు ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే ఆ ఏర్పాటు వల్లనే.

మౌలాలి_మాస్టారు
హేమ గారూ, పి.వి. గారిని గుర్తుచేసి మంచి పని చేశారు. మన తెలుగువాళ్లకు ఈ చరిత్రలో చోటు పెద్దదే. 1959లో ఐసెన్‌హోవర్ మన పార్లమెంటు సభ్యులతో మాట్లాడినప్పుడు స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1978 జనవరిలో కార్టర్ మాట్లాడినప్పుడు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. క్లింటన్ వచ్చినప్పుడు స్పీకర్ బాలయోగి. ఆ రోజు ప్రసంగం అయ్యాక మన ఎంపీలు బెంచీల మీదుగా ఎగబడి క్లింటన్‌తో చేయి కలపడానికి పోటీపడటం టీవీలో చూసి నాకు చాలా కష్టంగా అనిపించింది. కవిత గారు చెప్పే చప్పట్ల ఒత్తిడి కంటే అది ఇంకా తక్కువ స్థాయి. ఆ విషయంలో ఆమె వైపే ఉన్నాను.

కూకట్‌పల్లి_కవిత
అక్కడ కలిసినందుకు సంతోషం మాస్టారూ. మిగిలినదాంట్లో కూడా మిమ్మల్ని లాక్కొస్తాను.

రాజేంద్రనగర్_రైతుబిడ్డ
అసలు పిలిచేది ఎవరన్న దాని మీద ఎవరూ మాట్లాడటం లేదు. మన దగ్గర ప్రభుత్వం అతిథిని పిలుస్తుంది, పార్లమెంటు గది సర్దుతుంది. ఇది సరైనదేనా?

హిమాయత్‌నగర్_హేమ
2015 మార్చిలో నెతన్యాహును అమెరికన్ కాంగ్రెస్‌కు పిలిచింది స్పీకర్ జాన్ బేనర్, అదీ అధ్యక్షుడు ఒబామాను సంప్రదించకుండా. ఇరాన్ ఒప్పందంపై సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడానికే పిలిచారని విమర్శ వచ్చింది, డెమోక్రాట్లలో చాలామంది హాజరు కాలేదు. బ్రిటన్‌లో దీనికి తలకిందులు. 2017 ఫిబ్రవరిలో కామన్స్ స్పీకర్ జాన్ బెర్కో, ట్రంప్‌ను వెస్ట్‌మినిస్టర్ హాల్లో మాట్లాడించడానికి తాను వ్యతిరేకమని సభలోనే చెప్పేశారు. అలా ప్రసంగించడం సంపాదించుకోవలసిన గౌరవమే తప్ప హక్కు కాదన్నారు. ఆ హాలు వాడుకోవడానికి ముగ్గురు ఒప్పుకోవాలి: కామన్స్ స్పీకర్, ఎగువ సభకు అధ్యక్షత వహించే లార్డ్ స్పీకర్, రాచరికం తరఫు అధికారి అయిన లార్డ్ గ్రేట్ ఛాంబర్లేన్. తనను అడగకుండా మాట్లాడారని లార్డ్ స్పీకర్ ఫౌలర్ మరుసటి రోజే అభ్యంతరం తెలిపారు.

సైనిక్‌పురి_సుధ
రెండింట్లోనూ ఒక్క స్పీకరే నిర్ణయించడం ఇబ్బంది తెచ్చింది. కెనడాలోనూ అంతే, గ్యాలరీలోకి ఎవరిని పిలవాలో రోటా ఒక్కరే నిర్ణయించారు. ఉభయ సభల అధిపతులూ, ప్రతిపక్ష నాయకులూ కలిసి ఆహ్వానం పంపే పద్ధతి పెడితే, తరువాత ఎవరూ తప్పించుకోలేరు.

మౌలాలి_మాస్టారు
2025 అక్టోబరు 13న ఇజ్రాయెల్ పార్లమెంటులో ట్రంప్ మాట్లాడుతున్నప్పుడు ఐమన్ ఒదే, ఓఫర్ కసీఫ్ అనే ఇద్దరు సభ్యులు పాలస్తీనాను గుర్తించాలన్న కాగితం పట్టుకున్నందుకు నిమిషాల్లో బయటికి పంపించేశారు. కవిత గారు దీన్ని కూడా తప్పంటారా?

కూకట్‌పల్లి_కవిత
అంటాను. కాగితం ఎత్తి పట్టుకోవడం వల్ల ప్రసంగం ఆగదు. 2024 జులైలో నెతన్యాహు అమెరికన్ కాంగ్రెస్‌లో మాట్లాడినంతసేపూ రషీదా త్లైబ్ చేతిలో నిరసన పలక పట్టుకుని కూర్చున్నారు, సభలోనే ఉన్నారు, ప్రసంగమూ పూర్తయింది. ఆమెను ఎన్నుకున్నవాళ్లు తమ మాట అక్కడికి చేరిందనుకుని ఉంటారు. గొంతెత్తి ప్రసంగాన్ని ఆపేస్తే నేనూ ఒప్పుకోను. మౌనంగా పట్టుకున్న అట్టముక్కకు కూడా చోటు లేకపోతే సభ్యులు అక్కడ దేనికి కూర్చున్నట్టు?

మౌలాలి_మాస్టారు
మన సభలో ప్లకార్డులు నిషేధం కదా?

నాంపల్లి_న్యాయవాది
సభ సమావేశమైతే నిషేధమే. కానిచోట ఏ నిబంధన వర్తిస్తుందన్నదే చదువరి అడిగిన ప్రశ్న. మళ్లీ అక్కడికే వచ్చాం.

పబ్లిక్‌గార్డెన్స్_రిపోర్టర్
లోక్‌సభ నిబంధనల్లో 389 ఉంది. ప్రత్యేకంగా చెప్పని విషయాల్లో స్పీకర్ ఆదేశం చెల్లుతుందని దాని సారాంశం. దాన్ని వాడుకుని స్పీకర్ అతిథి ప్రసంగాలకు ముందుగానే ఒక ఆదేశం ఇవ్వవచ్చు. నివేదిక ఎవరు రాయాలి, ఎక్కడ అచ్చువేయాలి, అంతరాయం కలిగితే ఎలా నమోదు చేయాలి అన్నవి అందులో ఉండాలి. "అంతరాయం" అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదని నా కోరిక.

నాంపల్లి_న్యాయవాది
రాజ్యసభ సభ్యులు ఆ ఆదేశానికి కట్టుబడనక్కర్లేదు కాబట్టి ఛైర్మన్ కూడా అదే పాఠంతో తన సభకు ఇవ్వాలి. 118వ అధికరణం ప్రకారం సంయుక్త సమావేశాలకు రాష్ట్రపతి నియమాలు చేస్తారు, వాటిలో ఇది చేరదు.

చిక్కడపల్లి_చదువరి
ఇద్దరు సభాధిపతులూ ఒకే పాఠం ఇవ్వడం అన్నది నాకు ఆచరణకు దగ్గరగా కనిపిస్తోంది. మా నియోజకవర్గ ఎంపీ కార్యాలయానికి ఒక వినతి రాస్తాను. సెంట్రల్ హాల్‌ను అతిథి ప్రసంగాలకు మళ్లీ వాడాలన్న అభ్యర్థనను మొదట పెట్టాలనుకుంటున్నాను, ఎందుకంటే గది ఎవరిదీ కాకపోతే సగం తగవు అక్కడే పోతుంది. రిపోర్టర్ గారూ, 381 నిబంధన పూర్తి పాఠం నాకు పంపగలరా?

పబ్లిక్‌గార్డెన్స్_రిపోర్టర్
పంపుతాను బాబూ. వినతి చిత్తుప్రతి ఇక్కడే పెట్టు, మాస్టారు గారు భాష చూస్తారు. ప్లకార్డుల పేరా దగ్గర ఆయనకూ కవిత గారికీ మళ్లీ పేచీ వస్తుంది, ఆ పేరా రెండు విధాలుగా రాసి ఉంచుకో.